మనసు సంగతి అడగబోయే ముందు

కులం, మతం, జెండర్ మనసు మీద వేసే బరువు గురించి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలు మొదలుపెడుతున్న సోషియాలజీ రీసెర్చ్ స్కాలర్లకు కొన్ని జాగ్రత్తలు.

- ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికొచ్చిందా? రాకపోతే ఆగండి.

- సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, పాతబస్తీకైతే ఉర్దూలోనూ. చదివి వినిపించండి.

- ‘డిప్రెషన్’ మాట మీరు ముందు అనొద్దు. వాళ్లు ‘పరేషాన్’, ‘మనసు బాలేదు’ అంటే అదే రాసుకోండి.

- మీ ఇంటిపేరు వినగానే మీ కులమేంటో అంచనా వేసేస్తారు, జవాబులూ దాన్నిబట్టే మారతాయి. ఇది తప్పించుకోలేం. అందుకే వాళ్లు మిమ్మల్ని ఏం అడిగారో, ఎక్కడ మాట తప్పించారో ఆ రాత్రే డైరీలో రాయండి.

- రాసేటప్పుడు వాళ్ల పేరు మార్చితే సరిపోదు. బస్తీ, కులం, చదువుతున్న డిపార్ట్‌మెంట్ మూడూ కలిస్తే మనిషి దొరికిపోతారు.

- ఇంటర్వ్యూకి ఇరానీ హోటల్లో కూర్చోవద్దు, పక్క టేబుల్‌కు చెవులుంటాయి.

- ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 దగ్గరుంచుకోండి. ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు మాత్రం ఆచితూచి ఎత్తండి. ఈ ఊళ్లో అదొక ఎగతాళి మాటైపోయింది.

- రోజుకు రెండు ఇంటర్వ్యూలు చాలు. మూడోది వినే ఓపిక మీకూ ఉండదు.