గాలి లెక్కలు – 3వ పాఠం: పగటి పొగ, రాత్రి పొగ

పోయిన పాఠంలో విమానం ఎంత పొగ వదులుతుందో చూశాం. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ప్రామాణిక లెక్కలో టేకాఫ్‌కు 0.7 నిమిషం పడితే, నేల మీద ట్యాక్సీయింగ్‌కు, అంటే రన్‌వేకి వెళ్లి రావడానికి, 26 నిమిషాలు. అందుకే ముందు నేలమట్టపు పొగ సంగతే చూద్దాం.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయంలో రన్‌వే చివర సెకనుకు 1 గ్రాము నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తున్నాయనుకోండి. లెక్క సులువు కోసమే 1 గ్రాము, అది కొలిచిన అంకె కాదు. గాలి సెకనుకు 2 మీటర్ల వేగంతో దక్షిణం నుంచి వీస్తోంది. గాలికి అది వచ్చే దిక్కు పేరే పెడతారు, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. అంటే మన పొగ ఉత్తరానికి, ఖిలా వరంగల్ వైపు పోతుంది.

పొగ దారికి నట్టనడుమ నేలమీద గాఢత కావాలంటే సూత్రం ఇది:

గాఢత = పొగ ÷ (3.14 × గాలి వేగం × అడ్డం సిగ్మా × నిలువు సిగ్మా)

సిగ్మా అంటే పొగ ఎంత విచ్చుకుందో చెప్పే కొలత, మీటర్లలో. అసలు కిటుకంతా దీనిలోనే ఉంది. 1961లో పాస్క్విల్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఇచ్చిన పట్టికలో గాలి నిలకడను ఎ (పైకీ కిందికీ బాగా కలిసే గాలి) నుంచి ఎఫ్ (దాదాపు కలవని గాలి) దాకా తరగతులు చేశారు. మన 2 మీటర్ల గాలి వేగానికి, ఓ మోస్తరు ఎండ ఉన్న పగలు బి తరగతి. మబ్బులేని రాత్రి ఎఫ్. సిగ్మాల లెక్కకు బ్రిగ్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రాల ప్రకారం కిలోమీటరు దూరంలో:

బి: అడ్డం 153, నిలువు 120. గాఢత ఘనపు మీటరుకు దాదాపు 8.7 మైక్రోగ్రాములు (గ్రాముల్లో వచ్చిన జవాబును పది లక్షలతో గుణిస్తే మైక్రోగ్రాములు).
ఎఫ్: అడ్డం 38, నిలువు 12.3. గాఢత దాదాపు 340.

పొగ అదే, గాలి వేగం అదే, గాఢత మాత్రం దాదాపు 40 రెట్లు! జనవరి తెల్లవారుజామున మన ఊళ్లలో కట్టెల పొయ్యి పొగ పైకి పోకుండా వాడకట్టంతా పరుచుకోవడం చూసే ఉంటారు. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి పొర మూతలా నిలుస్తుంది. ఇదే ఇన్వర్షన్. మామూలుగా ఎండెక్కి నేల కాగితే అది విరుగుతుంది. రోజంతటి సగటు ఒక్కటే చూసి ఊరుకుంటే ఈ తెల్లవారుజాము సంగతి తెలియదు. నాకైతే సగటుల మీద అంత నమ్మకం లేదు.

ఇక మీ వంతు. అదే రాత్రి గాలి వేగం 4 మీటర్లకు పెరిగింది. ఇప్పుడు తరగతి ఇ అవుతుంది: అడ్డం 57, నిలువు 23. జవాబు 60 దగ్గర రావాలి. 170 వచ్చిందంటే వేగం మార్చి, సిగ్మాలు మార్చడం మరిచారన్నమాట.