పాత జర్మన్ స్టాంపు బొమ్మ తీసేశారా?

సమస్య: 1941లో వచ్చిన హిట్లర్ తల స్టాంపును మీరు స్కాన్ చేసి, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోదగ్గ బొమ్మలనే ఉంచే వికీమీడియా కామన్స్‌లో పెట్టారు. ఎనభై ఏళ్లు దాటిన సరుకు, పైగా సర్కారు అచ్చేసింది. అయినా తొలగించేశారు.

కారణం: సర్కారుది కాబట్టి అందరిదీ అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది. చట్టాలు, ఉత్తర్వులు, తీర్పుల వంటి వాటికి కాపీరైట్ లేదని జర్మన్ కాపీరైట్ చట్టం 5వ సెక్షన్ చెబుతుంది. స్టాంపులూ ఆ కోవలోవేనని కామన్స్‌లో చాలాకాలం నమ్మారు, అందుకోసం ఒక మూస (బొమ్మ పేజీలో తగిలించే లైసెన్సు పట్టీ) కూడా ఉండేది. 2011 మొదట్లో హాస్యచిత్రకారుడు లోరియో బొమ్మలతో స్టాంపులు వచ్చాయి. అదే ఏడాది ఆయన పోయారు. వారసురాలు కోర్టుకెక్కితే, స్టాంపులకు ఆ మినహాయింపు లేదని 2012లో బెర్లిన్ కోర్టు తేల్చింది. ఆ మూసను నమ్ముకున్నవాళ్ల పని అంతటితో సరి!

ఇక రెండో పొరపాటు, స్టాంపు వయసు చూడటం. చూడాల్సింది గీసిన మనిషి పోయిన సంవత్సరం. దానికి 70 కలిపి, ఆ ఏడాది డిసెంబరు 31 దాకా ఆగాలి. 1900 నాటి జెర్మానియా స్టాంపు గీసిన పాల్ వాల్‌డ్రాఫ్ 1917లో పోయారు, కాబట్టి 1987తోనే హక్కు తీరిపోయింది. మీ 1941 స్టాంపు గీసిన రిచర్డ్ క్లైన్ మాత్రం 1967 దాకా బతికారు. అంటే 2037 ఆఖరు దాకా కదపలేం.

పరిష్కారం: ముందు జర్మన్ స్టాంపుల జాబితా పుస్తకం మిఖెల్ కేటలాగు తీసి చిత్రకారుడి పేరు పట్టుకోండి, ఆపైన మరణ సంవత్సరం. పేరు ఎవరికీ తెలియని స్టాంపైతే విడుదల నుంచి 70 ఏళ్లు. కానీ మీకు దొరకనంత మాత్రాన అనామకం అయిపోదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కామన్స్ సర్వర్లు అమెరికాలో ఉన్నాయి గనుక అక్కడి లెక్కా కుదరాలి: అచ్చయి 95 ఏళ్లు దాటితే దిగులు లేదు.

“స్కాన్ నాది, వాడొద్దు” అని ఎవరైనా అడ్డుపడితే? స్టాంపుకే హక్కు తీరిపోయి ఉంటే, దాని నకలుకు కొత్త హక్కు పుట్టదని 2021లో జర్మన్ చట్టంలో 68వ సెక్షన్ చేర్చారు.

మీ వ్యాసం ఆ స్టాంపు గురించే అయితే, చిన్న సైజులో, సముచిత వినియోగం (కాపీరైట్ ఉన్నా పరిమితంగా వాడుకోనిచ్చే వెసులుబాటు) కింద తెలుగు వికీపీడియాలోనే ఎక్కించే దారి చూడండి. కామన్స్‌లో తొలగింపు చర్చకు మాత్రం 2038లో తిరిగి తేవాలన్న వర్గం తగిలించమని అడగండి.