యుద్ధకాల నిర్బంధంపై విచారణ నివేదికను చదవడం ఎలా

కర్నూలులో మా పఠన బృందానికి వచ్చే చరిత్ర విద్యార్థులు విచారణ నివేదిక చేతికివ్వగానే చివరి పేజీలకు, అంటే సిఫార్సులకు వెళ్లిపోతారు. అలా చదివితే తీర్పు తెలుస్తుందే గాని, ప్రభుత్వం తన తప్పును తానే ఎలా తవ్వి తీసిందో తెలియదు. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జారీ చేసిన 9066వ ఉత్తర్వు ఆధారంగా అమెరికా పడమటి తీరంలో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాలకు పంపిన ఉదంతంపై, 1980లో ఏర్పడిన విచారణ సంఘం ఇచ్చిన నివేదికను నేను అభ్యాసానికి ఎంచుకుంటాను.

ముందుగా, ఆ సంఘాన్ని ఏర్పరచిన చట్టం దాన్ని ఏమి చేయమన్నదో వెతకండి. జరిగినదాన్ని పరిశీలించడమే కాక పరిహార మార్గాలను సూచించమని కూడా చట్టం చెప్పింది. ఆ రెండో మాట లేని విచారణల నుంచి బాధితులు పెద్దగా ఆశించలేరని నా అభిప్రాయం.

ఆ తర్వాత వాంగ్మూలాలు. 1981లో 750 మందికి పైగా సాక్షులు మాట్లాడారు. వాటిని తేదీల కోసం కాక వస్తువుల కోసం చదవండి. ఆత్మకూరు, నందికొట్కూరు వైపు శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న పెద్దల దగ్గర కూర్చుంటే వాళ్లు జీవో నంబరు చెప్పరు, ఎద్దులను ఎంతకు అమ్ముకున్నారో చెబుతారు. ముంపు వేరు, నిర్బంధం వేరు. అయినా, జపాన్ సంతతివారిని చేత మోయగలిగినంతే తెచ్చుకోమన్నప్పుడు తక్కిన సామాను ఏ ధరకు పోయిందన్న ఒక్క వివరమే వారికి ఎంత గడువు ఇచ్చారో పట్టి ఇస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం కాగితాలకు కేటాయించండి. పడమటి తీర సేనాధిపతి డివిట్ ఈ తరలింపుపై ఇచ్చిన తుది నివేదిక తొలి ప్రతిలో, విధేయులెవరో కానివారెవరో ఎంత సమయమున్నా తేల్చలేమన్న అర్థం ఉండేది. 1943లో యుద్ధ శాఖ దాన్ని సమయం చాలలేదన్నట్టుగా మార్పించి, పాత ప్రతులను కాల్పించింది. మిగిలిపోయిన ఒక ప్రతి, సంఘం తరఫున పరిశోధిస్తున్న ఐకో హెర్జిగ్-యోషినాగాకు 1982లో జాతీయ అభిలేఖాగారంలో, ఒక ఉద్యోగి బల్లమీద కనిపించింది. దాని అంచుల్లో చేతిరాత దిద్దుబాట్లు ఉన్నాయి. మీరూ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి, మారిన వాక్యాల కింద గీత గీయండి. జాతి దురభిమానం, యుద్ధోన్మాదం, రాజకీయ నాయకత్వ వైఫల్యం కారణాలని సంఘం ఎందుకు తేల్చిందో ఆ గీతల దగ్గరే అర్థమవుతుంది.

అసమ్మతిని దాటవేయకండి: సంఘం ఉపాధ్యక్షుడు లంగ్రెన్ డబ్బు రూపంలో పరిహారానికి ఒప్పుకోలేదు. ఆఖరున అంచులో తేదీలు రాసుకోండి. ఒక్కొక్కరికి 20,000 డాలర్లన్న సిఫార్సు 1983 జూన్‌లో వచ్చింది. చట్టమైంది 1988 ఆగస్టు 10న, ఆ నాటికి బతికి ఉన్నవారికే వర్తించేలా. మొదటి చెక్కులు 1990 అక్టోబరులో, అందరికంటే వయసు పైబడినవారికి అందాయి.