బిడ్డ ఎందుకు పోయింది? కారణం గడి నింపే ముందు ఇది చదవండి

విశాఖలోనో, చుట్టుపక్కల పీహెచ్‌సీల్లోనో లేబర్ రూమ్, ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం) డ్యూటీలో కొత్తగా చేరిన హౌస్‌సర్జన్లకీ స్టాఫ్ నర్సులకీ ముందుగా ఒక మాట. మరణ కారణం గడిలో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసి చేతులు దులుపుకోకండి. పోయిన ప్రతివాళ్లకీ గుండె ఆగుతుంది, ఊపిరి ఆగుతుంది, కాబట్టి అలా రాస్తే ఏమీ రాయనట్టే. "ప్రిమెచ్యూరిటీ" (నెలలు నిండకపోవడం) అన్న ఒక్క మాటా అంతే, ఇంకేమీ తెలియనప్పుడే అది ప్రధాన కారణం అవుతుంది.

మరణ కారణాల వర్గీకరణ పద్ధతులు చాలా వచ్చాయి, 1980లో విగ్గిల్స్‌వర్త్, 2005లో రీకోడ్, ఇలా. నేను వాడమనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, పుట్టుక చుట్టుపక్కల జరిగే బిడ్డల మరణాలకని ఇచ్చిన ఐసీడీ-పీఎమ్. ఇందులో మూడు ప్రశ్నలే ఉంటాయి: ఎప్పుడు పోయింది, బిడ్డకేమైంది, తల్లికేమైంది. ఇదే వరుసలో వెళ్లాలి, ఎందుకంటే మొదటిది తప్పితే మిగతా రెండూ తప్పుతాయి.

ఎప్పుడు అన్న దగ్గరే ఎక్కువ కాలం వెచ్చించండి. నొప్పులు మొదలవక ముందే పోతే 'ఎ' వరస, నొప్పులు మొదలయ్యాక పుట్టేలోపు పోతే 'ఐ' వరస, ప్రాణంతో పుట్టి 28 రోజుల్లోపు పోతే 'ఎన్' వరస. చర్మం ఊడకుండా తాజాగా ఉంది కదా, కాన్పులోనే పోయిందని రాసేస్తుంటారు. చర్మం ఊడటానికి కడుపులో పోయాక కొన్ని గంటలు పడుతుంది, అంటే నొప్పులకి రెండు గంటల ముందు పోయిన బిడ్డ కూడా తాజాగానే కనిపించవచ్చు. అందుకే చర్మం కన్నా అడ్మిషన్ షీటు నమ్మకం: వచ్చేసరికి గుండె చప్పుడు వినిపించిందా, ఎవరు విన్నారు, ఎన్ని గంటలకి? చప్పుడు లేకుండానే వస్తే, నొప్పులు ఇంట్లో ఎప్పుడు మొదలయ్యాయో, కదలిక చివరిసారి ఎప్పుడు తెలిసిందో తల్లిని అడగండి. అప్పటికీ తేలకపోతే సమయం తెలియదనే రాయండి.

ఇంకో గొడవ ఉంది. పుట్టాక ఒక్కసారి ఊపిరి తీసుకున్నా, గుండె కొట్టుకున్నా, బొడ్డుతాడులో నాడి ఆడినా, బిడ్డ తనంతట తాను కాలో చెయ్యో కదిపినా అది సజీవ జననమే. అయిదు నిమిషాలు ఎగశ్వాస తీసి పోయిన బిడ్డని మృతజననం కింద వేసేస్తే కుటుంబానికి చెప్పడం తేలికనో, ఆడిట్‌లో టెన్షన్ తగ్గుతుందనో అనుకునేవాళ్లున్నారు. అలా చేస్తే పుట్టగానే ఊపిరి అందించడంలో లోపం ఉందో లేదో ఎప్పటికీ బయటపడదు.

రెండోది, బిడ్డకేమైంది. ముందు బరువు, పొడవు, తల చుట్టుకొలత తీసుకోండి, ఒళ్లంతా, అంగిలి, వెన్ను, మలద్వారం సహా చూసి అవయవ లోపాలున్నాయేమో రాయండి. ఎ1, ఐ1, ఎన్1 మూడూ పుట్టుకతో వచ్చే లోపాలవే. ఉదాహరణకి 28 వారాలకే పుట్టి, ఊపిరితిత్తులు పండక రెండోరోజు పోయిన బిడ్డకి ప్రధాన కారణం శ్వాస సమస్య, ఎన్7. నెలలు నిండకపోవడం తర్వాతి గడిలోకి వెళ్తుంది. నెలలు నిండి, గంటల తరబడి నొప్పులు పడి, పుట్టగానే ఏడవక మూడోరోజు పోయిన బిడ్డదేమో ఎన్4, అంటే కాన్పు సమయపు ఇబ్బందుల ఫలితం. మరణం జరిగింది ఎస్‌ఎన్‌సీయూలోనే అయినా, కారణం లేబర్ రూమ్‌లో పుట్టింది, ఈ కోడ్ ఆ సంగతి పట్టిస్తుంది. గడులు నింపడానికి ఇంత పట్టుపట్టేది దీనికోసమే.

మెడకి పేగు (బొడ్డుతాడు) చుట్టుకుంది అనే కారణాన్ని నేను సులభంగా ఒప్పుకోను. మనవాళ్లలో పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకి గండమని, నూనెలో ముందు ముఖం చూపించే ఆనవాయితీ ఉంది కదా, ఆ ఆనవాయితీ ఉందంటేనే అలా పుట్టి బతికినవాళ్లు ఎంతమందో ఆలోచించండి. పేగు బిగిసిన గుర్తులు, గట్టి ముడి, లేదా పేగు ముందుగా జారి రావడం లాంటి ఆధారం ఉంటేనే రాయండి.

మూడోది తల్లి సంగతి, ఎమ్1 నుంచి ఎమ్5 వరకూ. మాయ, బొడ్డుతాడు, పొరల సమస్యలు ఎమ్1. ఉమ్మనీరు ముందే పోవడం, కవలలు వంటివి ఎమ్2. కాన్పు ఇబ్బందులు ఎమ్3. బీపీ, షుగర్ లాంటి జబ్బులు ఎమ్4. ఏమీ లేకపోతే ఎమ్5. గుర్రపు వాతం (బీపీతో వచ్చే ఫిట్స్) గర్భంతోనే వస్తుంది కాబట్టి ఎమ్2 అనుకుంటారు, కాదు, అది ఎమ్4.

ఒక ఊహా కేసు కట్టి చూద్దాం. ఏజెన్సీ నుంచి వచ్చిన తల్లి, 34 వారాలు, బీపీ 160/110, రెండ్రోజులుగా కదలిక లేదు, నొప్పులు లేవు, గుండె చప్పుడు లేదు. బిడ్డ చర్మం ఊడి ఉంది, బరువు 1.4 కిలోలు, ఆ వారాలకి చాలా తక్కువ. ఇది 'ఎ' వరస, ఎదుగుదల లోపం కాబట్టి ఎ5, తల్లివైపు ఎమ్4. "తెలియని కారణం, ఎ6" అని రాసినా ఎవరూ కాదనరు గానీ, బీపీ ఎప్పుడు ఎక్కిందో, ఎవరు చూశారో అడగాలన్న దారి అక్కడే మూసుకుపోతుంది.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లడం వల్ల స్కానింగులు గాజువాకలో, చెకప్‌లు విజయనగరంలో, కాన్పు ఇంకోచోట అవుతాయి. ప్లాస్టిక్ కవర్లో ఉన్నవన్నీ ఫోటో తీసుకోండి, ఎమ్‌సీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు వెనక పేజీలతో సహా. కార్డు లేకపోతే ఆశా కార్యకర్తకీ ఏఎన్ఎంకీ ఫోన్ చేయండి, వాళ్ల రిజిస్టర్లో బీపీ, హిమోగ్లోబిన్ దొరుకుతాయి. 108 ఎప్పుడు వచ్చింది, డోలీలో ఎంతదూరం మోశారు లాంటివి చివరి గడిలో, అంటే ఇతర పరిస్థితుల దగ్గర రాయాలి. అవి వైద్య కారణం కావు, కారణం స్థానంలో పెట్టకండి.

మాయని మాత్రం పారేయొద్దు, తూకం వేసి, గడ్డలు, బొడ్డుతాడులో రక్తనాళాల సంఖ్య చూసి, వీలుంటే ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపండి. పోస్ట్‌మార్టంకి చాలామంది ఒప్పుకోరు, అడిగే తీరు మెత్తగా ఉండాలి, కాదంటే బలవంతం చేయకూడదు. రిపోర్టు వారాల తర్వాత వస్తుంది కాబట్టి తొలిరోజు కోడ్‌ని పెన్సిల్‌తో రాసినట్టే భావించండి. రిపోర్టు రాగానే ఫైలు తెరిచి, మార్పు ఉంటే కొత్త కోడ్ వేసి తేదీ, సంతకం పెట్టి, అంతకుముందు పంపిన నెలవారీ లెక్కని కూడా సరిచేయండి.