ఇంగ్లండ్‌లో మీ పిల్లల జీసీఎస్ఈ పరీక్షలు: హైదరాబాద్ నుంచి వెళ్లే తల్లిదండ్రులకు

నల్లగండ్లలో మేముంటున్న అపార్ట్‌మెంట్ నుంచి ప్రతి వేసవిలోనూ ఒకటి రెండు కుటుంబాలు ఇంగ్లండ్‌కు బయలుదేరుతుంటాయి. మేము ఆరేళ్లు అక్కడ ఉండి, మా అబ్బాయి పరీక్షలు అయ్యాక తిరిగి వచ్చినవాళ్లం గనుక, సామాన్లు సర్దుకునేవారు మా ఇంటికి వచ్చి, ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లాలా వద్దా అన్న దగ్గర మొదలుపెట్టి చివరకు పిల్లల చదువు దగ్గరకు వస్తారు. "జీసీఎస్ఈ అంటే మన టెన్త్ లాంటిదే కదండీ" అని జవాబు కూడా వారే చెప్పేస్తారు. వయసు వరకు ఆ పోలిక సరిపోతుంది. మిగిలిన విషయాల్లో అది దారి తప్పిస్తుంది. మొదటి ఏడాది మేము చేసిన పొరపాట్లలో సగం ఆ పోలికను నమ్మి చేసినవే.

పాత ఓ లెవెల్, సీఎస్ఈ అనే రెండు రకాల పరీక్షల స్థానంలో వచ్చిన జీసీఎస్ఈని 1988లో మొదటిసారి రాయించారు. ఎక్కువ బడులు ఇయర్ 10, ఇయర్ 11 అనే రెండేళ్లలో, అంటే పిల్లలకు 14 నుంచి 16 ఏళ్ల మధ్య, దీనికి చదివిస్తాయి. పరీక్షలు ఇయర్ 11 చివర మే, జూన్ నెలల్లో జరుగుతాయి, ఫలితాలు ఆగస్టులో ఒక గురువారం నాడు వస్తాయి. ఇక్కడ ఎస్సెస్సీ అంటే రాష్ట్రమంతటికీ ఒకే ప్రశ్నపత్రం. అక్కడ ఏక్యూఏ, పియర్సన్ ఎడెక్సెల్, ఓసీఆర్, ఎడ్యూకాస్ అనే బోర్డులు ఉన్నాయి. ఒకే బడి గణితానికి ఒక బోర్డును, చరిత్రకు మరో బోర్డును ఎంచుకోవచ్చు. వీటన్నిటి ప్రమాణాలను ఆఫ్‌క్వాల్ అనే నియంత్రణ సంస్థ చూస్తుంది. కాబట్టి గైడు కొనేముందు, పాత ప్రశ్నపత్రాలు డౌన్‌లోడ్ చేసుకునేముందు, ప్రతి సబ్జెక్టుకూ ఏ బోర్డో, ఆ కోర్సు కోడ్ ఏమిటో బడిని అడిగి రాసిపెట్టుకోవాలి. తెలిసినవారి అమ్మాయి వాడిన పుస్తకాలు ఉచితంగా దొరికాయని మేము సంబరపడి నాలుగు నెలలు చదివించాక, అందులోని కవితలు మావాడి సిలబస్‌లోనే లేవని తెలిసింది. స్కాట్లండ్‌కు వెళ్లేవారికి మాత్రం ఇక్కడ చెప్పేవి వర్తించవు. అక్కడ నేషనల్ 5 అనే వేరే పరీక్షలుంటాయి.

టికెట్లు బుక్ చేసుకోకముందే చూసుకోవలసింది వయసు. అక్కడ పిల్లలను ఏ తరగతిలో వేయాలన్నది ఇక్కడ ఏ తరగతి చదివారన్నదాన్ని బట్టి కాక, ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్లు నిండాయన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. జూలైలో 15 నిండిన పిల్లవాడు ఇక్కడ తొమ్మిదో తరగతి మాత్రమే పూర్తిచేసి ఉన్నా, సెప్టెంబరులో సాధారణంగా నేరుగా ఇయర్ 11లో కూర్చుంటాడు. అక్టోబరులో 15 నిండేవాడికి ఇయర్ 10 దొరుకుతుంది, అంటే రెండేళ్లూ దక్కుతాయి. ఇయర్ 11 మధ్యలో, జనవరిలోనో ఫిబ్రవరిలోనో, పిల్లవాడిని తీసుకెళ్లి దింపడం నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. తోటివారు రెండేళ్ల పాఠంలో ముప్పాతిక భాగం ముగించి ఉంటారు. వీలైతే ఒకరు ముందు వెళ్లి ఉద్యోగంలో చేరి, పిల్లవాడు ఇక్కడ పదో తరగతి పరీక్షలు రాసే వరకు రెండోవారు హైదరాబాద్‌లో ఉండి, ఆ తర్వాత అక్కడి కాలేజీలో ఏమి అడుగుతారో ముందే ఉత్తరం రాసి తెలుసుకుని వెళ్లడం మేలు.

సబ్జెక్టుల ఎంపిక ఇయర్ 8లో గానీ ఇయర్ 9లో గానీ జరిగిపోతుంది. ఇంగ్లిష్ భాష, గణితం, సైన్సు అందరికీ ఉంటాయి. ఇంగ్లిష్ సాహిత్యం కూడా దాదాపు అందరూ రాస్తారు. చరిత్ర, భూగోళం, ఫ్రెంచి, కంప్యూటర్ సైన్స్, ఆర్ట్ వంటివాటిలోంచి మూడో నాలుగో ఎంచుకుంటారు. తెలుగుకు జీసీఎస్ఈ లేదు. బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలకు ఉంది. ఆ జాబితా చూసినప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

అంతకంటే ముఖ్యమైనది, చాలామంది తల్లిదండ్రులకు ఆలస్యంగా తెలిసేది, టియర్ అనే మెట్టు. గణితంలోనూ సైన్సులోనూ ఫౌండేషన్, హయ్యర్ అని రెండు రకాల పత్రాలుంటాయి. ఫౌండేషన్ పత్రం ఎంత బాగా రాసినా 5 గ్రేడు దాటి రాదు. తర్వాత మన ఇంటర్ లాంటి 'ఏ-లెవెల్' (A level) కోర్సులో గణితం తీసుకోవాలంటే కాలేజీలు సాధారణంగా 6 గానీ 7 గానీ అడుగుతాయి గనుక, కొత్తగా వచ్చిన పిల్లవాడు ఇంగ్లిష్ యాస అర్థంకాక మొదటి పరీక్షలో తడబడితే, అతన్ని ఫౌండేషన్ సెట్‌లో, అంటే ఆ పత్రానికి చదివించే బృందంలో, వేసి అక్కడే ఉంచేశారేమో వెంటనే కనుక్కోవాలి. మర్యాదగా అడిగితే ఉపాధ్యాయులు వింటారు. పరీక్షలకు పేర్లు పంపే ఫిబ్రవరి దాకా మౌనంగా ఉండి అప్పుడు అడిగితే వినడానికి ఏమీ మిగలదు.

గ్రేడ్లు 9 నుంచి 1 వరకు ఉంటాయి, 9 అన్నిటికంటే ఎక్కువ. అక్షరాల బదులు ఈ అంకెలు 2017లో ఇంగ్లిష్, గణితంతో మొదలయ్యాయి. 4 అంటే మామూలు పాస్, 5 అంటే గట్టి పాస్, 7 దగ్గర పాత 'ఏ' (A) గ్రేడు మొదలవుతుంది. మనవాళ్లు వెంటనే 9ని తొంభై శాతంగా, 4ని నలభై శాతంగా లెక్కవేసుకుంటారు, అది తప్పు. ఏ గ్రేడుకు ఎన్ని మార్కులన్నది పత్రాలు దిద్దాక నిర్ణయిస్తారు. హయ్యర్ గణితంలో 4 గ్రేడు గీత మొత్తం మార్కుల్లో పావువంతు దరిదాపుల్లో పడడం మామూలే. నూటికి 35 వస్తే గట్టెక్కినట్టు, 95 వస్తే పక్కింటివాడికి 97 వచ్చినట్టు అనే మన లెక్క అక్కడ పనిచేయదు. ర్యాంకులు కూడా ప్రకటించరు.

ఇక అసలు సంగతి, ఇంగ్లిష్. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కదా అన్న ధైర్యంతో వెళ్లాము. ఇయర్ 10 శీతాకాలంలో మావాడు చరిత్ర పరీక్ష జవాబు పత్రం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు. పదహారు మార్కుల ప్రశ్నకు రెండున్నర పేజీలు రాశాడు, సంవత్సరాలు, పేర్లు, ఒప్పందాలు ఒక్కటీ తప్పు లేవు, వచ్చింది ఆరు. అంచున పచ్చ సిరాతో టీచరు మూడు చోట్ల ఒకే మాట రాశారు: "అయితే ఏమిటి?" అది వెటకారమనుకుని మా ఆయనకు కోపం వచ్చింది. పేరెంట్స్ ఈవినింగ్‌లో ఆవిడ వివరించాకే అర్థమయింది. ప్రశ్న 'ఏ కారణం ముఖ్యమైనదో తేల్చండి' అని అడిగింది. మావాడు కారణాలన్నీ వరుసగా అప్పజెప్పాడు గానీ తేల్చలేదు. వర్ణించండి, వివరించండి, పోల్చండి, విశ్లేషించండి, ఎంతవరకు ఒప్పుకుంటారో చెప్పండి అనే క్రియలు ఒక్కొక్కటీ ఒక్కో రకం జవాబును కోరతాయని, మార్కులు ఆ తేడాకే పడతాయని, మార్కింగ్ స్కీమ్‌లు బోర్డుల సైట్లలోనే ఉచితంగా ఉంటాయని ఆవిడ చెప్పారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం మేము చేసిన పని ఒక్కటే: వాడు ఒక జవాబు రాయడం, మార్కింగ్ స్కీమ్ పక్కన పెట్టుకుని వాడే దిద్దుకోవడం, నేను పక్కన కూర్చుని "అయితే ఏమిటి?" అని అడుగుతూ ఉండడం. ఆ సబ్జెక్టు నాకు రాకపోయినా ఆ ప్రశ్న అడగడానికి ఇబ్బంది రాలేదు. సాహిత్యంలో షేక్‌స్పియర్ నాటకం, పందొమ్మిదో శతాబ్దపు నవల ఒకటి ఉంటాయి, పుస్తకం చూసి రాయనివ్వరు. అక్కడ మాత్రం మన కంఠస్థం కొంత అక్కరకు వస్తుంది.

గణితంలో మన పిల్లలకు మరో ఇబ్బంది ఉంది. మూడు పత్రాల్లో మొదటిదానికే కాలిక్యులేటర్ నిషేధం, తక్కిన రెండింటికీ అది ఉండాల్సిందే. నోటిలెక్కలో దిట్టలైన మనవాళ్లు ఆ యంత్రాన్ని పరీక్ష ముందురోజు కొని తడుముకుంటారు. సైంటిఫిక్ కాలిక్యులేటర్ మొదటి వారంలోనే కొని రోజూ వాడించండి. అలాగే మెట్లు రాయకుండా జవాబు మాత్రం వేసే అలవాటు మాన్పించండి, పద్ధతికీ మార్కులుంటాయి.

పేరెంట్స్ ఈవినింగ్‌లో ఒక్కో టీచరు దగ్గర దొరికేది ఐదు పది నిమిషాలు. "మావాడు బాగా చదువుతున్నాడా" అని అడిగితే "చాలా మంచి అబ్బాయి" అన్న జవాబుతో సమయం అయిపోతుంది, ఎందుకంటే అక్కడివారు చెడు విషయాన్ని కూడా మెత్తగా చెబుతారు. ఏ టియర్, ఇప్పుడున్న గ్రేడు ఎంత, లక్ష్యం ఎంత, ఒక గ్రేడు పెరగడానికి ఏ రకం ప్రశ్నల్లో మార్కులు పోతున్నాయి అని కాగితం మీద రాసుకుని వెళ్లండి. నవంబరు, డిసెంబరు ప్రాంతంలో జరిగే మాక్ పరీక్షలు అసలు గ్రేడులో కలవవు. అయినా కాలేజీలు తాత్కాలికంగా సీటు ఇచ్చేటప్పుడు చూసేది ఎక్కువగా వాటి ఆధారంగా బడి ఇచ్చే అంచనానే.

సెలవుల సంగతి వేరుగా చెప్పాలి. ముహూర్తం ఫిబ్రవరిలో కుదిరిందని బడి రోజుల్లో పిల్లలను హైదరాబాద్ తీసుకొస్తే, అనుమతి లేని గైర్హాజరుకు జరిమానా పడవచ్చు. ప్రస్తుతం అది ఒక్కో బిడ్డకు, తల్లికి విడిగా తండ్రికి విడిగా, 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆలస్యమైతే 160. పరీక్షలు ముగిసిన మర్నాటికే విమానం టికెట్ తీసుకోకండి. ఏదైనా పత్రం వాయిదా పడితే రాయించడానికి జూన్ చివర ఒక రోజును ప్రత్యేకంగా ఉంచుతారు, అది దాటాకే బయలుదేరండి.

పరీక్షలు ఐదారు వారాలు సాగుతాయి, మధ్యలో మే చివర వారం సెలవు వస్తుంది, మొత్తం పత్రాలు ఇరవై దాటడం సాధారణం. తెల్లవారుజామున నాలుగింటికి లేపి పాలు ఇచ్చి కూర్చోబెట్టే మన స్టడీ అవర్స్ పద్ధతి అంతకాలం నిలవదు. పుప్పొడి పడక వచ్చే జలుబు (హే ఫీవర్) అక్కడ సరిగ్గా ఆ నెలల్లోనే వస్తుంది. ఇక్కడ ఎన్నడూ తుమ్మని పిల్లలకూ రావచ్చు గనుక, నిద్రమత్తు తేని మాత్ర ఏదో ముందే ఫార్మసీలో అడగండి. హాలులోకి నల్ల సిరా పెన్నులు, లోపలివి కనబడే పారదర్శకమైన పౌచ్, లేబుల్ తీసేసిన నీళ్ల సీసా మాత్రమే. చేతి గడియారం తీసేయాలి. ఫోను ఆపేసి జేబులో ఉన్నా, అది దొరికితే పత్రం రద్దయ్యే దాకా పోవచ్చు. శకునం చెప్పడానికి అమ్మమ్మ ఫోను చేస్తుందనుకుంటే, ఇంట్లోనే మాట్లాడించి ఫోను మీ దగ్గర ఉంచుకుని పంపండి.

ఇంగ్లిష్ భాషలో గానీ గణితంలో గానీ 4 రాకపోతే చదువు ఆగిపోదు. 18 ఏళ్ల వరకు ఏదో ఒక చదువులోనో శిక్షణలోనో ఉండాలన్నది అక్కడి చట్టం. కాలేజీలో చేరి వేరే కోర్సు చదువుతూనే ఆ సబ్జెక్టును మళ్లీ చదువుతారు, ఆ రెండింటికీ నవంబరులోనూ పరీక్ష ఉంటుంది. ఫలితాల రోజు ఉదయం పిల్లలు బడికి వెళ్లి కవరు తీసుకుంటారు. హైదరాబాద్ నుంచి మాకు ఆ పూట పదకొండు ఫోన్లు వచ్చాయి, అన్నిటిలోనూ "ఎంత పర్సంటేజీ?" అన్న ప్రశ్నే. గ్రేడ్ల సంగతి తాతగారికి ముందే ఓసారి తీరిగ్గా వివరించి పెడితే ఆ పూట పిల్లవాడికి తెరిపిగా ఉంటుంది. ఆ కవరులోది సర్టిఫికెట్ కాదు. అసలు సర్టిఫికెట్లు కొన్ని నెలల తర్వాత బడికి వస్తాయి, బడి వాటిని ఎల్లకాలం దాచిపెట్టదు, పోతే బోర్డుకు రుసుము కట్టి వేరే పత్రం తెప్పించుకోవాలి. మేము ఊరు మారే హడావుడిలో వాటిని మరిచిపోయి, వాడి స్నేహితుడి తల్లి చేత తీసుకుని హైదరాబాద్‌కు కొరియర్ చేయించుకున్నాము.