పిల్లాడి జబ్బు గురించి ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలి

మా బాబుకి కీమో మొదలైన నెల తిరక్కుండానే జుట్టంతా ఊడిపోయింది. పాలకొల్లు బస్టాండులో ఒకావిడ వాడి గుండు నిమిరి, "మొక్కు తీర్చుకున్నారా అమ్మా, పెద్ద తిరుపతా, చిన్న తిరుపతా?" అని అడిగింది. "చిన్న తిరుపతేనండీ" అనేశాను. నోట్లోంచి అలా వచ్చేసింది. బస్సెక్కాక వాడు నా చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా, మనం ఎప్పుడెళ్ళాం?" అన్నాడు. వాడికప్పుడు ఆరేళ్ళు. నాకు సమాధానం రాలేదు కానీ ఒకటి మాత్రం తెలిసింది: తన ఒంట్లో జరుగుతున్నది నలుగురికీ చెప్పకూడని సంగతి అని వాడు నన్ను చూసే నేర్చుకుంటున్నాడు.

వాడికి వచ్చింది లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, అందులో ఏఎల్ఎల్ అనే రకం. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనబడేది ఇదే, వైద్యం రెండు నుంచి మూడేళ్ళ దాకా సాగుతుంది. మందుల సంగతి డాక్టర్లు చూస్తారు, ఇంట్లోవాళ్ళ మనసుల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. ఆ మూడేళ్ళలో నన్ను సూదులకంటే, ఖర్చుకంటే ఎక్కువ నలిపేసింది దాపరికమే. ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి, ఎవరికేం చెప్పామో గుర్తుపెట్టుకోవడానికే సగం ఓపిక అయిపోయేది. ఇప్పుడే ఆస్పత్రి ఫైలు చేతికొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, క్యాన్సరే కానక్కర్లేదు, కిడ్నీ అయినా గుండె అయినా తలసేమియా అయినా, మీ కోసమే ఇదంతా రాస్తున్నాను.

ముందు భార్యాభర్తలు. మా ఆయన కువైట్‌లో ఉంటారు, మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండటం మామూలే కదా. ఆయన కంగారుపడతారని తొమ్మిది రోజులు "జ్వరమేనండీ, తగ్గిపోతుంది" అని చెప్పాను. చివరికి ఎవరో బంధువు నోట విన్నారు. ఆ కోపం మా మధ్య చాలా నెలలు ఉంది. మీరు అలా చేయకండి, తెలిసిన రోజే చెప్పండి, వీలైతే డాక్టర్‌ని అడిగి ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరూ ఒకేసారి వినండి. ఆ గదిలో మన చెవులు సగం మూసుకుపోతాయి, "క్యాన్సర్" అన్న మాట తర్వాత డాక్టర్‌గారు చెప్పింది నాకు ఒక్క ముక్క గుర్తులేదు. అందుకే ఒక నోట్‌బుక్కు కొని వెళ్ళే ముందే ప్రశ్నలు రాసుకోండి. జబ్బు పేరేంటి, వైద్యం ఎన్నాళ్ళు, ఇంటి దగ్గర ఏం కనిపిస్తే పరుగున రావాలి, రాత్రిపూట ఏ నంబరుకి చేయాలి. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానాండీ?" అని అడగండి, మొహమాటపడొద్దు. ఇంకో సంగతి, ఒకరు ఏడుస్తారు, ఒకరు నోరు మెదపకుండా చెరువు గట్టుకో పొలానికో పోయి పనిలో పడతారు. పనిలో పడ్డాయనకి బాధ లేదని అనుకోకండి. రోజూ రాత్రి ఒక పావుగంట మాట్లాడుకోండి, సగం జబ్బు గురించి, మిగతా సగం దాని ఊసు లేకుండా.

పిల్లాడికి చెప్పడం దగ్గరే అందరం తడబడతాం. "చిన్నవాడు, వాడికేం తెలుస్తుంది" అంటారు. వాడికి తెలుస్తుంది. మనం గుమ్మం బయట గుసగుసలాడటం, కళ్ళు తుడుచుకుని లోపలికి రావడం అన్నీ చూస్తాడు, తెలియని దాన్ని ఊహతో పూడ్చుకుంటాడు, ఆ ఊహ నిజం కంటే భయంకరంగా ఉంటుంది. చిన్నపిల్లలు జబ్బుని తాము చేసిన తప్పుకి శిక్ష అనుకోవడం చాలా మామూలు. మావాడు ఒక రాత్రి, "నువ్వు వద్దన్నా కాలువలో దిగాను కదా, అందుకేనా అమ్మా?" అని అడిగాడు. ఎన్ని రోజుల నుంచి మోస్తున్నాడో ఆ మాట.

మేం చెప్పింది ఇది: "నీ రక్తంలో కొన్ని కణాలు చేయాల్సిన పని చేయడం లేదు నాన్నా. దీని పేరు లుకేమియా. నువ్వు చేసిన తప్పు వల్ల రాలేదు, అమ్మానాన్నల వల్లా రాలేదు. అక్కకి అంటుకోదు. మందులు గట్టివి, వాటివల్ల జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. ఏ రోజు ఏం చేయబోతున్నారో నీకు ముందే చెబుతాం." అంతే. ఒక్కసారి చెప్పి ఊరుకుంటే సరిపోదు, వయసు పెరిగే కొద్దీ మళ్ళీ మళ్ళీ అడుగుతారు, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఆ తర్వాత ఎప్పుడో కిరాణా కొట్టు దగ్గర మొక్కు గురించి ఎవరో అడిగితే వాడే, "మొక్కు కాదండీ, మందులకి ఊడింది" అన్నాడు.

సూది దగ్గర అబద్ధం అసలు ఆడకండి. "నొప్పి పుట్టదు" అంటే ఒక్కసారే పనిచేస్తుంది, తర్వాత మీ మాట దేన్నీ నమ్మడు. "చురుక్కుమంటుంది, పది లెక్కపెడదాం" అనండి, ఏ చేతికి పొడిపించుకుంటావు, ఎవరి ఒళ్ళో కూర్చుంటావు అని వాణ్ణే ఎంచుకోనివ్వండి. "అల్లరి చేస్తే సూది వేయిస్తా" అన్న మాట ఇంట్లో, వీధిలో ఎవరూ అనకుండా చూడండి.

"నేను చచ్చిపోతానా?" అని అడిగినప్పుడు నోరు మూయించొద్దు. "ఎందుకలా అనిపించింది?" అని ముందు అడగండి. మావాడు అడిగింది పక్క మంచం ఖాళీ అయినందుకు, ఆ పాప నిజానికి డిశ్చార్జి అయి ఇంటికెళ్ళింది. తర్వాత ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "నయం చేయడానికే ఈ మందులన్నీ ఇస్తున్నారు. ఏం జరిగినా నేను నీ పక్కనే ఉంటా." కొందరి ఇళ్ళలో డాక్టర్లు ఇక నయం కాదని చెప్పే రోజు వస్తుంది. అప్పుడు మొదటి మాట చెప్పలేం, రెండోది మాత్రం అప్పుడూ నిజమే. నొప్పి, ఆయాసం తగ్గించడానికే చేసే వైద్యం ఒకటుంది, పాలియేటివ్ కేర్ అంటారు, దాని గురించి డాక్టర్లని నోరు తెరిచి అడగండి.

స్టెరాయిడ్లు వాడే వారాల గురించి ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి. రాత్రి రెండింటికి లేచి పులిహోర కావాలని ఏడుస్తాడు, పెడితే ప్లేటు విసిరేస్తాడు, మొహం ఉబ్బుతుంది. చూసినవాళ్ళు "బొద్దుగా అయ్యాడు, ఇంకేం కావాలి" అంటారు. అది మందు పని, వాడి బుద్ధి కాదు. ఈ సంగతి తెలియక మొదటి వారం నేను వాణ్ణి కొట్టాను, ఆ చెంపదెబ్బ నాకింకా గుర్తుంది.

ఇక మా పెద్దమ్మాయి. ఆరో తరగతి చదివేది, మేం హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ మా చెల్లి దగ్గర ఉంచాం. బుద్ధిగానే ఉంటోంది అనుకున్నాం. సోమవారం సోమవారం కడుపునొప్పి అనేది. ఆస్పత్రి గొడవలో పడి, ఆరోగ్యంగా ఉన్న పిల్ల కదా అని ఆమెని వదిలేశాం, నేను అన్నిటికంటే బాధపడేది దీనికే. తమ్ముణ్ణి ఎప్పుడో కొట్టాను కాబట్టి వచ్చిందేమో అని, తనకీ వస్తుందేమో అని, అమ్మకి నేను అక్కర్లేదేమో అని ఈ పిల్లలు లోపల్లోపల నలుగుతారు. తమ్ముడికి చెప్పినవే ఆమెకీ విడిగా కూర్చోబెట్టి చెప్పండి. క్లాస్ టీచర్‌కి చెప్పండి. రోజూ ఒకే టైముకి వీడియో కాల్ చేయండి, అందులో ముందు ఆమె సంగతులే అడగండి. ఊరొచ్చినప్పుడు ఆమె ఒక్కదాన్నే బయటికి తీసుకెళ్ళండి. "నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకోవాలి" అన్న మాట మాత్రం వద్దు, పదకొండేళ్ళ పిల్ల పెద్దది కాదు.

మా అత్తయ్యగారు మొదట్లో "ఏ జన్మ పాపమో" అనేవారు, కడుపుతో ఉన్నప్పుడు నేను తిన్న తిండి గురించి కూడా. నేను ఎంత వాదించినా ఆవిడ చెవికెక్కలేదు. ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్ళి డాక్టర్‌గారితోనే "ఇది ఎవరి తప్పూ కాదమ్మా" అనిపించాం, అక్కడితో ఆగింది. దిష్టి తీయడం, విభూతి పెట్టడం ఆవిడ తృప్తి, తీయనివ్వండి, కానీ మిరపకాయల పొగ పిల్లాడున్న గదిలో వద్దు. పసరు మందు, ఎవరో చెప్పిన పొడి మాత్రం డాక్టర్‌కి చెప్పకుండా గొంతులో పోయకూడదు, ఈ ఒక్క విషయంలో గట్టిగానే ఉండండి.

ఊరికి చెప్పే పని మీరు పెట్టుకోకండి. రోజుకి ఇరవై ఫోన్లకి అదే కథ చెబితే రోజుకి ఇరవైసార్లు ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళినట్టు ఉంటుంది. మా మరిది ఆ పని తీసుకున్నాడు, వారానికొక మెసేజ్ వాట్సాప్‌లో పెట్టేవాడు: ఎలా ఉన్నాడు, ఏం కావాలి, ఎప్పుడు రావొద్దు. సంక్రాంతికి వాడి రక్తకణాల కౌంట్లు పడిపోయాయి, ఇన్ఫెక్షన్ ఇట్టే అంటుకునే రోజులవి, అరిసెలు పట్టుకుని వచ్చిన చుట్టాల్ని గుమ్మం దగ్గరే ఆపాం, ముందే చెప్పి ఉండటం వల్ల ఒక్కరూ నొచ్చుకోలేదు. "ఏదైనా కావాలంటే చెప్పండి" అన్నవాళ్ళకి పని చెప్పండి: పాపని స్కూలు నుంచి తీసుకురండి, గేదెకి గడ్డి వేయండి, ప్లేట్‌లెట్లు ఇచ్చేవాళ్ళని వెతికిపెట్టండి. లంక గ్రామాలవాళ్ళు వరదలు రాకముందే, జూన్‌లోనే, గట్టుమీద ఊళ్ళో ఎవరింట్లో ఉండొచ్చో, పడవ ఎవరిదో, కారు ఎవరిదో మాట్లాడి పెట్టుకోండి. కీమో పిల్లాడికి 100.4 జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, కాజ్‌వే మునిగినా సరే.

డబ్బు గురించి కూడా దాచొద్దు, చాటుగా చేసిన అప్పు జబ్బుకంటే ముందు కాపురాన్ని తింటుంది. మొదటి రోజే ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్ దగ్గర అడగండి, 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇది, 104కి చేసినా చెబుతారు. క్యాన్సర్, తలసేమియా, గుండె, కిడ్నీ రోగులకి, తోడు వెళ్ళేవాళ్ళకి రైలు టికెట్‌లో రాయితీ ఉంది, డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. హైదరాబాద్‌లో క్యాన్సర్ పిల్లల కుటుంబాలకి సెయింట్ జూడ్ సెంటర్లలో ఉచితంగా ఉండే వీలుంది, వైద్యం చేసే ఆస్పత్రినే అడగాలి.

చివరికి మీ సంగతి. ఫోన్ మోగితే గుండె ఝల్లుమనడం, ఆస్పత్రి వాసన తగిలితే చేతులు వణకడం, ఆ మొదటి రోజు పదే పదే కళ్ళముందుకి రావడం, ఇవి తల్లిదండ్రులకి నిజంగా వచ్చేవే. నిద్ర, తిండి, దేనిమీదా ఆసక్తి రెండు వారాలకి మించి లేకపోతే డాక్టర్‌కి చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416, పగలూ రాత్రీ పలుకుతుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నేను మేడమీదకెళ్ళి చేశాను, అరగంట ఏడ్చాను, అవతలి అమ్మాయి ఓపిగ్గా వింది.

వైద్యం అయిపోయిన రోజు అందరూ స్వీట్లు పంచారు. నాకు అసలు భయం ఆ రోజు నుంచే మొదలైంది, మోకాలి మీద చిన్న మచ్చ కనబడితే చాలు, జబ్బు తిరగబెట్టిందేమోనని రాత్రంతా ఫోన్ లైటు వేసి చూసేదాన్ని. చాలామంది తల్లులకి ఇలాగే ఉంటుందట, డాక్టర్‌గారే చెప్పారు. అప్పటి నుంచి నోట్‌బుక్కు చివరి పేజీలో చెకప్ తేదీలు, ఏం కనిపిస్తే ఫోన్ చేయాలో రాసి ఉంచాం. మచ్చ కనబడితే ముందు ఆ పేజీ చూస్తాను. దాంట్లో ఉన్నదైతే ఫోన్ చేస్తాను, లేకపోతే మా ఆయనకి చెబుతాను, ఇద్దరం కలిసి తెల్లారేదాకా చూస్తాం.