స్విచ్‌లలో మల్టీకాస్ట్ రౌటింగ్ ఎలా అమర్చాలి?

ఒకే వీడియోను అడిగినవారందరికీ ఒకేసారి పంపే పద్ధతి మల్టీకాస్ట్. కెమెరాలు ఒక వీలాన్‌లో (స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్ భాగం), వాటి వీడియో చూసే కంప్యూటర్లు మరో వీలాన్‌లో ఉన్నాయి. మధ్యలో రెండు లేయర్-3 స్విచ్‌లు, అంటే రౌటింగ్ కూడా చేసేవి. సిస్కో ఐఓఎస్ ఆదేశాలనే చెబుతున్నాను. వేరే కంపెనీ స్విచ్‌లలో ఆదేశాల పేర్లు మారినా పని తీరు ఇదే. కెమెరాకు, కంప్యూటర్‌కు మధ్య పింగ్ వెళ్లకపోతే ముందు ఆ సంగతి చూడండి.

రెండు స్విచ్‌లలోనూ ‘ఐపీ మల్టీకాస్ట్-రౌటింగ్’ ఇవ్వండి. కొన్ని పాత మోడళ్లలో చివర ‘డిస్ట్రిబ్యూటెడ్’ చేర్చాలి. తరువాత రెండు వీలాన్ ఇంటర్‌ఫేస్‌ల మీద, స్విచ్‌ల మధ్య ఉన్న ప్రతి లింకు మీద ‘ఐపీ పిమ్ స్పార్స్-మోడ్’ పెట్టండి. పిమ్ అంటే మల్టీకాస్ట్ దారుల కోసం స్విచ్‌లు మాట్లాడుకునే ప్రోటోకాల్; స్పార్స్ మోడ్‌లో అడిగినవారికే వీడియో వెళ్తుంది. డెన్స్ మోడ్ జోలికి పోవద్దు. అది అడగనివారికి కూడా వీడియో పంపి, వద్దన్నాక ఆపి, మూడు నిమిషాలకు మళ్లీ మొదలుపెడుతుంది.

ఆర్‌పీ (రెండెవూ పాయింట్, పంపేవారినీ అడిగేవారినీ కలిపే స్విచ్) కోసం ఒక స్విచ్‌లో లూప్‌బ్యాక్ (స్విచ్ లోపలి ఊహా ఇంటర్‌ఫేస్) తీసుకుని, దాని మీదా పిమ్ పెట్టి, ఆ చిరునామాను ఓఎస్‌పీఎఫ్‌లో (స్విచ్‌లు దారులు తెలుపుకునే రౌటింగ్ ప్రోటోకాల్) ప్రకటించండి. ‘ఐపీ పిమ్ ఆర్‌పీ-అడ్రస్’ రెండింటిలోనూ ఇవ్వాలి, ఆర్‌పీ స్విచ్‌తో సహా. రెండు స్విచ్‌లకు, ఆర్‌పీని తనంతట తానే తెలిపే ఆటో-ఆర్‌పీ దండగ. చేత్తో రాసిన ఒక్క వరుసను ఎవరైనా చదివి అర్థం చేసుకోగలరు.

గ్రూపు చిరునామా (కెమెరా వీడియో పంపే మల్టీకాస్ట్ చిరునామా) 239.0.0.0/8 నుంచి తీసుకోండి, కానీ 239.0.0.x, 239.128.0.x వద్దు. మ్యాక్ (హార్డ్‌వేర్) చిరునామాలోకి చివరి 23 బిట్లే వెళ్తాయి కాబట్టి ఇవి నెట్‌వర్క్ సొంత పనులకు కేటాయించిన 224.0.0.xతో కలిసిపోతాయి. అప్పుడు ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టులకే వీడియో పంపే ఏర్పాటు) ఉన్నా వీడియో అన్ని పోర్టులకూ పోతుంది. 239.10.10.x వాడుకోండి.

ఇక అందరూ దాటేసి తరువాత తల పట్టుకునే చోటు ఆర్‌పీఎఫ్ (రివర్స్ పాత్ ఫార్వర్డింగ్), అంటే ప్యాకెట్ సరైన వైపు నుంచే వచ్చిందా అనే తనిఖీ. మామూలు ప్యాకెట్ వస్తే స్విచ్ గమ్యం చూస్తుంది. మల్టీకాస్ట్ ప్యాకెట్ వస్తే దాన్ని పంపినవారి వైపు కూడా చూస్తుంది. ఆ చిరునామాకు తన రౌటింగ్ పట్టికలో ఏ ఇంటర్‌ఫేస్ గుండా దారి ఉందో, ప్యాకెట్ అందులోంచే రావాలి. లేకపోతే పారేస్తుంది. లాగ్‌లో ఒక్క ముక్క కనిపించదు. పింగ్ మాత్రం నిక్షేపంగా వెళ్తూనే ఉంటుంది!

స్విచ్‌ల మధ్య రెండు లింకులు వేసి, ఒకదాని మీదే పిమ్ పెట్టడం దీనికి మామూలు కారణం. ఓఎస్‌పీఎఫ్ రెండో లింకును ఎంచుకుందంటే వీడియో రాదు. అప్పుడు చాలామంది ‘ఐపీ ఎంరౌట్’తో స్టాటిక్ దారి రాసి చేతులు దులుపుకుంటారు. ఆ లింకు తెగిన రోజున మళ్లీ మొదటికి వస్తుంది. టన్నెల్ లాంటి ప్రత్యేక అవసరం ఉంటే తప్ప అది వాడకండి. లింకులన్నింటి మీదా పిమ్ పెట్టండి.

కంప్యూటర్లున్న వైపు స్విచ్‌లో ‘షో ఐపీ ఆర్‌పీఎఫ్’ అని కొట్టి, పక్కన కెమెరా చిరునామా ఇవ్వండి. ఇంటర్‌ఫేస్ పేరు రావాలి. తరువాత ‘షో ఐపీ ఎంరౌట్’ చూడండి. ఆర్‌పీ స్విచ్‌లో నక్షత్రం గుర్తున్న వరుసకు ఇన్‌కమింగ్ ఇంటర్‌ఫేస్ ‘నల్’ (ఏదీ లేదు) అని ఉండటం సహజం, దాన్ని చూసి కంగారు పడవద్దు. కెమెరా చిరునామా ఉన్న వరుసలో ‘నల్’ కనిపిస్తేనే ఆర్‌పీఎఫ్ తప్పిందని అర్థం.

అన్నీ సరిగా ఉన్నా వీడియో రాకపోతే పంపే వైపు టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని రౌటర్లు దాటగలదో చెప్పే అంకె) చూడండి. మల్టీకాస్ట్‌కు సాధారణంగా అది 1 ఉంటుంది, మొదటి స్విచ్ దగ్గరే ఆగిపోతుంది. 16కు పెంచి, స్విచ్‌లలో కాన్ఫిగరేషన్ సేవ్ చేయండి.